బావ నడుముకు కట్టిన తాడు

పావగడ తాలూకాలో పుట్టి, సముద్రం అడుగున ఉన్న ప్రాణులను లెక్కపెట్టే పనిలో రిటైరయ్యానని చెబితే బస్సులో పక్క సీటువాడు కొంచెం జరిగి కూర్చుంటాడు. తాగి ఉన్నాననుకుంటాడు. వాడి తప్పేమీ లేదు. మా వైపు నీళ్లంటే ట్యాంకరు. నేను చదివింది ఆరో తరగతి, అదీ సగమే. మేష్టరుకూ నాకూ ఒక ఒప్పందం కుదిరింది: నేను బడికి రాను, ఆయన నన్ను కొట్టడు. ఇద్దరం మాట తప్పలేదు.

ఈ మధ్య బలసముద్రం నుంచి కొందరు కుర్రవాళ్లు మా ఇంటికి వచ్చారు. కరావళిలో, అంటే కర్ణాటక సముద్రతీరంలో, నేను చేసిన ఆ సర్వే పనికి మళ్లీ మనుషులను తీసుకుంటున్నారట, పడవ మీద తాడు పట్టే పని, పోవచ్చా అని అడిగారు. జీతం అడిగారు, సెలవులు అడిగారు, తిండికి అన్నమా రాగిముద్దా అని కూడా అడిగారు. భయం ఎంత ఉంటుందని మాత్రం ఒక్కరూ అడగలేదు. అందుకే ఇది రాస్తున్నాను. జీతం సంగతి వాళ్లు చెబుతారు. మిగతాది నేను చెబుతాను.

బావుల నాటి పద్ధతి

మాది బావుల్లో దిగే ఇల్లు. మోటారు పడిపోయినా, ఫుట్‌వాల్వు ఊడినా, ఎవరి బిందె మునిగినా మా ఇంటికి కబురు వచ్చేది. దిగేవాడు మా బావ అంజినప్ప, అంటే మా అక్క నాగమ్మ మొగుడు. పైన తాడు పట్టేవాణ్ణి నేను. తాడు పట్టే మనిషి విషయంలో మా ఇంట్లో ఒక కట్టడి ఉండేది. తాడు దిగేవాడి భార్యకు తోడబుట్టినవాడి చేతిలోనే ఉండాలి. స్నేహితుడు పట్టకూడదు, బీడీ ముట్టించుకుంటాడు. అన్నో తమ్ముడో పట్టకూడదు, పొలంలో వాటా ఉంటుంది. బామ్మర్ది అయితే చేయి జారితే జీవితాంతం అక్క ముఖం చూడాలి. ఆ భయం చాలు, వేళ్లు వాటంతట అవే బిగుసుకుంటాయి.

బావా బామ్మర్దులం కాబట్టి మా మధ్య ఎగతాళికి కొదవ లేదు. ఆయన బావిలో కాలు పెట్టేముందు "రేయ్ సీనా, నా మీద కోపముంటే ఇప్పుడే చెప్పేయ్ ప్పా" అనేవాడు. "నాకు కోపం లేదు బావా, అక్కకుండాదేమో అడిగొస్తా, అంతవరకూ లోపలే ఉండు" అనేవాణ్ణి.

తాడు భాష కూడా అప్పటిదే. పైనుంచి ఒకసారి లాగితే "బాగుండావా?" అని. కిందినుంచి ఒకసారి లాగితే "బాగుండా" అని. కిందినుంచి రెండుసార్లు లాగితే మోటారు కట్టేశాను, లాగండి అని. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. బావిలో మోటారు దొరికాక బావ తన నడుముకున్న తాడు విప్పి దాన్నే మోటారు కొక్కేనికి కట్టేవాడు. మోటారు తాడుతో పైకి వచ్చేది, మనిషి గోడ పట్టుకుని, రాతి మెట్ల మీదుగా తనంతట తాను వచ్చేవాడు. బావికి నాలుగు వైపులా గోడే, ఇంకెక్కడికి పోతాడు?

తర్వాత బోర్లు వచ్చి బావులు ఎండాయి. సోలారు వచ్చాక క్యాతగానచెర్లు వైపు పొలాలన్నీ లీజుకు పోయి, ఎండిన బావులు పూడ్చేశారు. మా పొలమూ ప్యానెళ్ల కిందికే పోయింది. మా బావ కొన్నాళ్లు ప్యానెళ్లు తుడిచాడు. "నీళ్లు పైన పోసి పైనే తుడిచే పని, దిగేది లేదు, ఇదేం పని ప్పా" అని విసుక్కునేవాడు.

శైలజ మేడం మాకు కనపడింది అప్పుడే. ఆవిడది హిందూపురం, సముద్రపు ప్రాణుల మీద పెద్ద చదువు. వెంకటమ్మనహళ్లిలో చుట్టాల ఇంటికి వచ్చి, అక్కడ నీళ్లు మిగిలిన ఒకే ఒక్క బావిలోంచి మేము మోటారు తీస్తుంటే నిలబడి చూసింది.

"లోపల ఎంతసేపు ఉంటావు?" అని బావను అడిగింది.

"ఊపిరి ఉన్నంతసేపు మేడం."

"ఊపిరి నేనిస్తాను, సముద్రంలోకి వస్తావా?"

సిలిండరు గురించి అంటోందని మాకు ఆలస్యంగా తెలిసింది. వెళ్లాము. తీరంలో మేడం దగ్గరుండి బావకు సిలిండరుతో దిగడం నేర్పించింది. పరీక్షలో మొదటిసారే గట్టెక్కాడు.

రాతి మీద ఏముంటాయి

తీరానికి దూరంగా ఒక రాతి దీవి. నీటి పైన కనపడేది కొంచెం, కింద ఉన్నది ఎక్కువ. ఆ కింది రాళ్ల మీద వెన్నెముక లేని ప్రాణులు అంటుకుని, పాకుతూ, నోరు తెరుచుకుని కూర్చుని ఉంటాయి. ప్రతి ఏడూ అదే రాతికి వెళ్లి, టేపు పరిచి, టేపు వెంబడి కొంత దూరానికొకసారి నలుచదరపు ఇనుప ఫ్రేమ్ పెట్టి, ఆ చట్రం లోపల ఏవి ఎన్ని ఉన్నాయో చూడటమే సర్వే. మేడం చూసి పలక మీద రాస్తుంది. బావ ఫ్రేమ్ మోస్తాడు, లైటు పడతాడు. ఫ్రేమ్‌కే కెమెరా బిగించి ఉంటుంది. నేను పడవలో.

కింద ఏముందో నేను చూసింది తక్కువ. బావ పైకొచ్చి చెబితే విన్నదే ఎక్కువ. ఆయన భాషలో నల్లముళ్ల బంతులు ఉన్నాయి, తొక్కితే వారం కుంటాలి. రాగిముద్దను రాతికి విసిరి కొట్టినట్టు స్పాంజీలు. జొన్నకంకి లాంటి చేతులు చాచుకుని నీళ్లను దువ్వే ఒక జీవి. వేలు పెడితే మూసుకునే పువ్వు, అది పువ్వు కాదు, కడుపు. మేడం వాటికి నోరు తిరగని పేర్లు చెప్పేది. బావ వాటికి మా ఊరి వాళ్ల పేర్లు పెట్టాడు. నోరు తెరిచి ఎప్పుడూ ఎవరు తెచ్చి పెడతారా అని చూసే ఒక గుల్లకు నా పేరు.

మొదటి సీజన్‌లో ఒక తప్పు జరిగింది, ఈ పనికి వచ్చే ప్రతివాడూ చేసే తప్పు. బావ ఫ్రేమ్‌ను ఎప్పుడూ ప్రాణులు కిటకిటలాడే చోటే పెట్టేవాడు. ఎక్కువ కనపడితే మేడం సంతోషిస్తుందని ఆయన లెక్క. మేడం పడవెక్కి సూటు విప్పకముందే అడిగింది.

"అంజినప్పా, నేను పెళ్లిచూపులకు వచ్చినానా?"

"లేదు మేడం."

"మరి మంచి ముఖాలు మాత్రమే చూపిస్తావేం? టేపు యాడ ఆపమంటే ఆడే పెట్టు. బోడిరాయి వస్తే బోడిరాయే చూస్తాను. పోయిన ఏడు ఈడ ఉండేవి ఈ ఏడు లేవంటే, అది నాకు కావాల్సిన సంగతి."

నాకు ఈ ఉద్యోగంలో అర్థమైన మొదటి విషయం అదే. లేనిదాన్ని కూడా ఉన్నంత శ్రద్ధగా చూడాలి. ఇది చేతకానివాడు ఈ పనికి రావద్దు, ఓట్ల పనికి పోవచ్చు.

చలి నీళ్లు

వానలు ఆగిన కొత్తలో ఆ దీవి దగ్గర నీళ్లు రెండు రకాలుగా ఉంటాయి. పైన గోరువెచ్చన. కిందికి పోతే ఒక చోట కత్తితో కోసినట్టు మారిపోయి, చలి నీళ్లు మొదలవుతాయి. అక్కడ పచ్చగా మసక, చాచిన చేయి కనపడదు. ఆ సముద్రంలో ఇంత చలి ఉంటుందని పైన కూర్చున్నవాడు నమ్మడు. నాకు తాడు చెప్పేది. కింది భాగం చేతికొచ్చేసరికి ఐసుపెట్టెలోంచి తీసినట్టుండేది. ఆ చలిలో ఏ ప్రాణులు నిలుస్తాయి, ఏవి పోతాయి అన్నది మేడం చూడాలనుకున్నది. అందుకే అందరూ వద్దనుకునే రోజుల్లోనే మేము దిగేవాళ్లం.

మసక నీళ్లు కాబట్టే మేడం తాడు పద్ధతి ఒప్పుకుంది. బావ నడుముకు పడవ నుంచి నా తాడు, బావకూ మేడానికీ మధ్య చిన్న తాడు. ఇద్దరూ కలిసి దిగాలి, కలిసే రావాలి. వచ్చేటప్పుడు లంగరు తాడు పట్టుకుని మధ్యలో కాసేపు ఆగి నెమ్మదిగా రావాలి. గబుక్కున వస్తే ఒంట్లో గాలి బుడగలు కట్టి మనిషి పాడైపోతాడు.

తాడు పట్టినంతసేపూ నాకు జోకు పుట్టదు. పుడితే అది భయానికి పుట్టిందే. అలలకు తాడు తనంతట తానే కదులుతుంది. ప్రతి కదలికా ఆయనేమో అనిపిస్తుంది. కదలకపోతే ఇంకా ఘోరం. ఇన్ని సీజన్లు పట్టాను, ఒక్కరోజు కూడా అలవాటు కాలేదు. పడవ నడిపే మాధవ కన్నడంలో నన్ను వెక్కిరించేవాడు, ఎండలో కూర్చుని చెమట తుడుచుకుంటూ వణికే మనిషిని నిన్నే చూశానని.

ఫ్రేమ్ పైకి వచ్చిన రోజు

ఒక ఏడు ఆఫీసు నుంచి పెద్ద సారు పడవ ఎక్కాడు. పని ఎందుకు ఆలస్యమవుతోందో చూడటానికి వచ్చాడు. చెడ్డవాడు కాదు. తన పైవాళ్లకు భయపడేవాడు. భయపడే బాసు దగ్గర జాగ్రత్తగా ఉండండి. అరిచే బాసుకన్నా వాడితోనే ప్రమాదం. వాడి భయం మీ నెత్తి మీదికి దిగుతుంది, ఎప్పుడు దిగిందో కూడా తెలియదు.

బావా, మేడమూ దిగారు. కొంతసేపటికి మేడం ముఖానికి పెట్టుకున్న అద్దాల పట్టీ తెగింది. పద్ధతి ప్రకారం ఫ్రేమ్‌ను రాతి మీదే వదిలేసి ఇద్దరూ కలిసి పైకి వచ్చారు. మేడం పెదవులు నీలంగా ఉన్నాయి, పళ్లు కొట్టుకుంటున్నాయి. దుప్పటి కప్పాను.

సారు కెమెరా ఏదని అడిగాడు. కింద ఉందన్నాము.

"గాలి ఎక్కువైతే రేపు దొరకదు. నేను ఆఫీసులో ఏమని చెప్పేది?"

"ఒంటరిగా ఎవరినీ పంపను సార్" అంది మేడం. కానీ చలికి ఆ మాట సగమే బయటికి వచ్చింది.

బావ అప్పటికే సిలిండరులో గాలి చూసుకుంటున్నాడు. "యాడుండాదో నాకు తెలుసు మేడం. పోయి కట్టేసి వచ్చేస్తా."

"అక్కకు నేనేం చెప్పాల?" అన్నాను.

"నీ మొగుడు ఫోటో దిగేకి పోయినాడని చెప్పు" అని వెనక్కి వాలి నీళ్లలో పడ్డాడు.

తాడు వదులుతూ పోయాను. ఆగింది. ఒకసారి లాగాను. బదులు వచ్చింది. కొంతసేపటికి రెండుసార్లు లాగాడు. మాధవా నేనూ కలిసి లాగాము. బరువుగా వచ్చింది. ముందు ఇనుప చట్రం కనపడింది, తర్వాత దానికి బిగించిన కెమెరా, తర్వాత దానికి కట్టిన ముడి. అంతే. తాడు కొస అక్కడితో అయిపోయింది.

సారు కెమెరాను ఒళ్లోకి తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు. మేడం తాడు కొసను చూస్తోంది. నేను ముడిని చూస్తున్నాను. అది మోటారు ముడి. బావిలో వేసే ముడి.

"తాడు విప్పినాడు మేడం. బావిలో మాదిరి విప్పి దీనికి కట్టినాడు. తనంతట తను వస్తాడు."

"ఎటు వస్తాడు?" అంది మేడం.

నీళ్ల వైపు చూశాను. నీటి మీద అలలు నురగ కక్కుతున్నాయి, బుడగలు ఎక్కడివో తెలియదు. మాధవ లేచి, నీళ్ల లాగుడు దక్షిణానికి ఉంది, లంగరు ఎత్తి అటు పోదామన్నాడు. మేడం వద్దంది. "లంగరు తాడు పట్టుకుని మధ్యలో ఆగి ఉంటే? మనం లంగరు లేపితే మనమే వాణ్ణి పారేసినట్టు." ఇద్దరి మాటా నిజమే. నాకు అక్క కనపడింది. మనిషి కాదు, ముఖం మాత్రం. 

ముందు తేరుకున్నది మేడమే. ఖాళీ డీజిల్ క్యాను చూపించి, లంగరు తాడును దానికి కట్టి వదిలేయమంది. ఆయన ఆ తాడు మీద ఉంటే క్యాను దగ్గరికి తేలతాడు, లేకపోతే మనం వెతకవచ్చు. మాధవ క్షణంలో కట్టేశాడు. ఇంజను తిప్పి, ఏ వైపు అన్నట్టు నన్ను చూశాడు.

బావ బావిలోంచి ఎలా వస్తాడు? గోడ పట్టుకుని. ఇక్కడ గోడ ఏది? దీవి రాయి తప్ప ఇంకేమీ లేదు. అలలు వచ్చి కొట్టుకునేది దానికే.

"రాతి పక్కకు పో" అన్నాను.

మొదటి చుట్టు తిరిగితే ఎవరూ లేరు. నేను చెప్పింది తప్పేమో, ఈలోగా దక్షిణానికి కొట్టుకుపోయాడేమో అని అటూ చూశాను. మేడం క్యాను వైపు చూస్తోంది, అక్కడా ఎవరూ లేరు. రెండోసారి మాధవ రాతికి ఇంకా దగ్గరగా, నాకు ప్రాణం పోయేంత దగ్గరగా తీసుకుపోయాడు. ఒక పగులులో నల్లగా ఏదో ఉంది. అల వెనక్కి తగ్గితే అది మనిషి. బరువని విప్పేశాడేమో సిలిండరు లేదు, ముఖం మీద అద్దాలు లేవు, రెండు చేతులూ పగులులో దోపుకుని ఉన్నాడు. మళ్లీ అల వచ్చి కప్పేసింది.

పడవ ఇంకా దగ్గరికి పోతే పగిలిపోతుంది. తాడు విసిరాను, అందలేదు. మళ్లీ విసిరాను. ఈసారి అందుకున్నాడు, కానీ రాతిని వదలడం లేదు. వదలమంటే వదలడు. గోడ పట్టుకున్నవాణ్ణి గోడ వదలమంటే ఎలా?

"బావా, తాడు నా చేతిలో ఉండాది" అని అరిచాను. "సీనానే. నేను పట్టినా."

అల తగ్గినప్పుడు నడుముకు చుట్టుకుని దూకాడు.

పైకి లాగితే అరచేతులు గుల్లల అంచులకు కోసుకుపోయి ఉన్నాయి. ఉప్పునీళ్లు కక్కాడు. ఆ తర్వాత మొదటి మాట, "ఫ్రేమ్ వచ్చినాదా?"

"వచ్చినాది. నువ్వే మిగిలిపోతివి" అన్నాను. నవ్వుదామనే అన్నాను. చేతిలో తాడు ఇంకా వదల్లేదు. సారు కెమెరాను పక్కన పెట్టి, తన చొక్కా విప్పి బావ చేతులకు చుట్టాడు. తీరం చేరేదాకా ఎవరి ముఖమూ చూడలేదు.

ఎవరి తప్పు

మీరు రేపు ఆ పడవ ఎక్కితే, అక్కడ మనిషికి కట్టే తాడు పసుపు, వస్తువు లాగే తాడు తెలుపు. మనిషి ముడి మీద టేపు చుట్టి, మేడమో మరొకరో చేయి పెట్టి చూస్తారు. కింద దాన్ని విప్పడానికి లేదు. అది ఆ రోజు తర్వాత మేడం పెట్టిన పద్ధతి.

సారుది తప్పేనని నేను ఇప్పటికీ అంటాను. ఇనుము కోసం, కెమెరా అద్దం కోసం మనిషిని పంపాడు. కానీ సారు ఒక్కడే అయితే సులువుగా ఉండేది. బావకు సముద్రం నేర్పినవాళ్లకు బావి తెలియదు. బావి తెలిసిన మాకు సముద్రం తెలియదు. కొత్త పనులన్నీ నేర్చుకున్నాడు కదా అనుకున్నారు, పాత పని చేతుల్లోనే ఉండిపోయిందని ఎవరికీ తట్టలేదు. తొందరలో మనిషి చేతులు పాతదే చేస్తాయి. మీరు ఎక్కడినుంచి వస్తున్నారో, అక్కడ మీ చేతులు ఏం చేసేవో పడవలో వాళ్లకు ముందే చెప్పండి. గొర్రెలు కాసినా, ప్యానెళ్లు తుడిచినా సరే, చెప్పండి. నవ్వితే నవ్వనీయండి.

ఆ రాయి లెక్క ఆ రోజు సగంలో ఆగింది. పక్క రాతి అంకెలు చూసి నింపేస్తే ఎవరికీ తెలియదని ఆఫీసులో ఎవరో అన్నారట. మేడం ఖాళీగా వదిలేసింది. బావ చేతులు మానేదాకా ఆగుదామంది.

అక్క వచ్చింది

బావ నోరు ఊరుకోదు. ఫోనులో అక్కతో, "నీ తమ్ముడు కెమెరాను లాగి నన్ను వదిలేసినాడే" అని కథలా చెప్పాడు. అక్క నవ్వలేదు. పక్కింట్లో గొర్రెలు అప్పజెప్పి బస్సెక్కింది. ఆమె అంతకుముందు సముద్రం చూడలేదు. వచ్చాక కూడా చూడలేదు. నేరుగా తీరంలో మేముండే గదికి వచ్చి బావ చేతులు తిప్పి చూసింది.

"ఇంటికి పోదాం పా."

"పోయి ఏం చేసేది?"

"ఏదో ఒకటి. ప్యానెళ్లు తుడుస్తువు."

"ఆడ దిగేకి ఏముండాది?"

"దిగకుండా బతికేటోళ్లు లేరా?"

బావ తన అరచేతులు చూసుకున్నాడు. "మేడం ఆ రాయి ఇంకా సగం చూడల్ల. నేను తప్ప ఆ చోటు ఇంకెవరికీ తెలీదే" అన్నాడు.

అక్క నావైపు తిరిగింది. "నువ్వు చెప్పు సీనా. నువ్వు పోవద్దంటే పోడు."

నిజమే, నేను చేయి తీస్తే ఆయన దిగడు. వద్దనడానికి నోరు తెరిచాను. బావ నన్ను చూస్తున్నాడు. బావులు పూడిపోయినప్పుడు ఆ ముఖం ఎలా ఉండేదో నాకు గుర్తుంది. దిగితే అక్క భయం, దిగకపోతే ఆయన అలాగే అయిపోతాడు. "నాకేం తెలీదక్కా. నువ్వే చూడు" అన్నాను.

"అయితే నేనూ పడవెక్కుతా" అంది.

మేడం కాదనలేదు. బావ చేతులు మానాక బయలుదేరిన రోజు అక్కను పడవ మధ్యలో కూర్చోమని, నీలం లైఫ్ జాకెట్ తగిలించింది. దారిలో అక్క రెండుసార్లు వాంతి చేసుకుంది, అయినా వెనక్కి పోదామనలేదు. దీవి దగ్గర మేడం బావ నడుము ముడి లాగి చూసి, టేపు చుట్టింది. అక్క మళ్లీ లాగి చూసింది. బావ ఏదో ఎగతాళి అనబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. ఇద్దరూ కలిసి దిగారు.

పసుపు తాడు నా చేతుల్లోంచి జారుతూ పోయింది. అక్క నా వెనక కూర్చుని తాడు మిగులు పట్టుకుంది. వదలమని మాధవ అన్నాడు, ఆమె వినలేదు. తాడు ఆగింది.

"ఇప్పుడేమంటాడు?"

"అడగాల."

ఒకసారి లాగాను. ఏమీ రాలేదు. అల పడవను లేపి దింపింది. వెనక అక్క ఊపిరి ఆపేసిందని నాకు వినపడింది. నేనూ ఆపేశాను. అప్పుడు తాడు చిన్నగా, గట్టిగా ఒక్కసారి కిందికి లాగింది. నా చేతుల మీదుగా అది ఆమె చేతుల దాకా పోయింది.

"అదేనా?"

"అదే అక్కా. బాగుండాడు."

ఆమె తాడు ఇంకొంచెం బిగించి పట్టుకుంది.

"మళ్లీ అడుగు."